గ్రహణపు మొఱ్ఱి: తల్లికి నింద, బిడ్డకు చికిత్స



పెదవి చీలియున్న శిశువు పుట్టినచో మన యిండ్లలో మొట్టమొదట నడుగు ప్రశ్న యేదియో మీరెఱుగుదురు. "గ్రహణమునాడు నీవేమి చేసితివి? కూర తఱిగితివా? వెలుపలికి వచ్చితివా?" అని పురిటిమంచము మీదనున్న తల్లినే నిలదీయుదురు. మన భాషలో ఆ లోపమునకు పేరే గ్రహణపు మొఱ్ఱి. పేరులోనే తీర్పు చెప్పబడినది. ఆ నింద యెంతవఱకు నిజమో, ముఖమునందలి లోపములను వైద్యులెట్లు సవరింతురో ఈ నెల విన్నవింపదలచితిమి.

గర్భమున శిశువు ముఖము ఒక్కమాఱుగా నేర్పడదు. నుదుటివైపునుండియు, ఇరుప్రక్కలనుండియు పెరిగిన భాగములు నడుమకు వచ్చి యొకదానితో నొకటి యతుకుకొనును. పై పెదవి 4వ వారము మొదలు 7వ వారములోపలను, అంగిలి 6వ వారము మొదలు 9వ వారములోపలను కలిసిపోవును. ఆ కలయిక తప్పినచోటనే చీలిక నిలుచును. నెల తప్పిన సంగతి ఇంటివారికి రూఢియగునప్పటికే పెదవి పని చాలవఱకు ముగిసియుండును. అయిదవ నెలలోనో, ఏడవ నెలలోనో వచ్చిన గ్రహణము అంతకుముందే కలిసిపోయిన పెదవిని మఱల చీల్చునా? గ్రహణపు పట్టింపులేని దేశములందును ఇట్టి శిశువులు పుట్టుచునే యున్నారు. ప్రపంచమున సుమారు 700 జననములకొకటి చొప్పున నీ లోపము కానవచ్చుచున్నది.

వంశపారంపర్యము, తల్లికి ముందునుండియు గల మధుమేహము, మూర్ఛకిచ్చు కొన్ని మందులు, పొగాకు ఈ ప్రమాదమును పెంచును. చాలమంది శిశువుల విషయమున ఇదియే కారణమని వేలుపెట్టి చూపజాలము. మూర్ఛమందులు వాడువారు వైద్యుని యడుగక వానిని మానరాదు; గర్భము ధరింపకముందే యడుగవలెను. పొగాకు మాట మన ప్రాంతమున గట్టిగా చెప్పవలసియున్నది. శ్రీకాకుళము, విజయనగరము తీరగ్రామములలో చుట్ట నిప్పుకొనను నోటిలోనుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలు కలరు. అది కాలక్రమమున అంగిలికి క్యాన్సరు తెచ్చునని వైద్యులు నిరూపించిరి. గర్భిణి పీల్చు పొగ శిశువునకును కీడే. గ్రహణమునాడు గర్భిణిని గదిలో దాచు పెద్దలు, చుట్ట విషయమున నోరు మెదపకుండుట వింత కాదా?

ఇక పోషణ. అంగిలి చీలిన బిడ్డ పాలు చప్పరింపజాలదు. పాలు ముక్కులోనికి వచ్చును. అంతమాత్రమున తల్లిపాలు మాన్పరాదు. పాలు పిండి, బిడ్డ తలను ఎత్తుగా పట్టుకొని, ఉగ్గుగిన్నెతో కొంచెము కొంచెముగా పోయవలెను. నడుమ నడుమ భుజముపై వేసికొని త్రేన్పు రానీయవలెను. బరువు పెరిగిన బిడ్డకే శస్త్రచికిత్స సుకరము.

పెదవిని సాధారణముగా 3 మొదలు 6 నెలల ప్రాయమునను, అంగిలిని 9 మొదలు 18 నెలలలోపలను కుట్టుదురు. అంగిలి విషయమున ఆలస్యమైనచో మాట ముక్కుతో వచ్చును. చిగురు ఎముకలో సందు మిగిలినచో సుమారు 8 మొదలు 11 ఏండ్ల నడుమ, కోఱపన్ను దిగకముందు, తుంటినుండి కొంత యెముక తెచ్చి నింపుదురు.

కొందఱకు పైదవడ చాలినంత పెరుగక క్రిందిదవడ ముందుకు పొడుచుకొని వచ్చినట్లుండును. ఇట్టి హెచ్చుతగ్గులు మొఱ్ఱి లేనివారికిని కలుగవచ్చును. వైద్యులు ముఖమును ప్రక్కనుండి ఎక్స్‌రే తీసి కొలుతురు. ఈ పద్ధతి 1931లో అమెరికాయందు ప్రకటింపబడినది. పండ్లకు తీగెలు వేసి వరుసకు తెచ్చి, పిమ్మట ఎముకను కోసి సరియైనచోట నిలిపి లోహపు పలకలతో బిగింతురు. కోత మిక్కిలిగా నోటిలోపలనే యుండును గావున ముఖముపై మచ్చ కనబడదు. క్రింది పెదవికి కొంతకాలము తిమ్మిరి యుండవచ్చును, కొందఱకది నిలిచిపోవును. ఈ చికిత్సకు పెరుగుదల ముగియువఱకు, అనగా ఆడపిల్లలకు సుమారు 15, 16 ఏండ్లు, మగపిల్లలకు 17, 18 ఏండ్లు వచ్చువఱకు సామాన్యముగా నాగుదురు.

అన్నిటికిని ఆగుట తగదు. మంచముపైనుండి గడ్డముమీదుగా పడిన బిడ్డను కొన్ని నెలలపాటు కనిపెట్టుచుండుడు. చెవి ముందరి కీలు విఱిగి యతుకుకొనిపోయినచో నోరు తెఱచుట నానాటికి తగ్గును. గడ్డము పెరుగక వెనుకకు పోవును, లేదా ఒక ప్రక్కకు తిరుగును. తన మూడు వ్రేళ్లను నిలువుగా పెట్టుకొనునంత నోరు తెఱవలేని బిడ్డను వెంటనే చూపవలెను. ఆ కీలును త్వరగా విడిపించుటయే మేలు.

ఖర్చునకు వెఱవకుడు. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళ మొకటి. తక్కినవి అనంతపురము, మహబూబ్‌నగరము. నేడది ఆంధ్రదేశమున ఎన్టీఆర్ వైద్యసేవ యను పేర నడచుచున్నది. 2013లో నారంభమైన బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, బడులలోను పిల్లలను పరీక్షించునపుడు మొఱ్ఱినిగూడ చూడవలసియున్నది. మీ యూరి ఆశా కార్యకర్త నడిగినచో దారి చూపును.

మీ వీధిలో ఇట్టి శిశువు పుట్టినదని వినినచో, ఆ తల్లిని గ్రహణపు మాట యడుగకుడు. బిడ్డ పాలు త్రాగుచున్నదా, వైద్యునికడకు ఎన్నడు తీసికొనిపోయెదవు అని యడుగుడు; తోడు లేనిచో మీరే వెంట వెళ్లుడు.