చెరకు దీవికి ప్రయాణం

"చెరకు పండే దీవికి చక్కెర జబ్బు పిల్లను తీసుకుపోతావుటమ్మా!" అని మా పెద్దత్తయ్యగారు బుగ్గలు నొక్కుకున్నారు. మావారికి మారిషస్‌లో ఉద్యోగం. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, నాలుగేళ్ళుగా ఇన్సులిన్‌తోనే బ్రతుకుతోంది.

పసివాళ్ళకు వచ్చే ఈ రకం తీపి తిన్నందువల్ల వచ్చేది కాదు. పైగా, రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పోస్తే, మూడు చెంచాల పంచదారే ప్రాణం నిలుపుతుంది సుమండీ!

నా బెంగంతా మందును గురించే. విమానం అడుగున వేసే సామానులో పెడితే గడ్డకట్టి పాడైపోవచ్చు. డాక్టరుగారి చీటీతో సహా చేతిసంచీలోనే ఉండాలి. అక్కడ వేసవి నవంబరునుంచి ఏప్రిల్ దాకా, తుఫానులూ అప్పుడే. కరెంటు పోతే ఫ్రిజ్ ఉండీ లేనట్లే. తడిగుడ్డ చుట్టిన మట్టికుండ కొంత ఆదుకుంటుంది. అందుకని పట్టుచీరలు తగ్గించి, కుండకు చోటు చేశాను.

1834 తరువాత ఆ చెరకు తోటలకు కూలీలుగా ఓడలెక్కిన వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పిల్లలకు ఈ జబ్బు వస్తే, నాటికి మందే లేదు. మా అమ్మాయికి ఉంది. అది చెడకుండా చూసుకోవడమే నా పని.

అక్కడి క్రియోల్ భాషలో పంచదారను 'దిసిక్' అంటారట. బడిలో చేరకముందే అమ్మాయిచేత ఆ మాట వల్లెవేయిస్తున్నాను.