కట్టి చూడు, నడిపి చూడు

కిందటి జనవరిలో మా నాన్నగారు తెనాలి నుంచి అమెరికా వచ్చారు. డెబ్బై మూడేళ్ల మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు. అక్కడ తెల్లవారకముందే కాలవగట్టు మీద గంటసేపు నడక, ఆ తర్వాత టీకొట్టు ముందు మరో గంట లోకాభిరామాయణం. ఇక్కడికొచ్చిన మూడోరోజుకే మంచు మోకాలిదాకా పడింది. ఆయన నడక గరాజులోకి మారింది. వంటింటి తలుపు దగ్గర బయల్దేరి, కారు చుట్టూ తిరిగి, నీళ్ల హీటరు దాకా వెళ్లి మళ్ళీ వెనక్కి. చుట్టుకొక బఠాణీ గింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి. ఒకరోజు నలభై గింజలయ్యాక చెప్పులు విప్పుతూ అడిగారు: "ఈ ఊళ్లో మనుషులున్నారా అమ్మా, కార్లేనా?"

"ఉన్నారు నాన్నా. ఎవరి గరాజులో వాళ్లు తిరుగుతున్నారు" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ మాట మన తెలుగు సంఘం దీపావళి సంచికకు సంపాదకీయం అవుతుందని అప్పుడు అనుకోలేదు. మన నగరంలో కొత్తగా రిక్రియేషన్, వెల్‌నెస్ సెంటర్ కట్టాలన్న ప్రతిపాదన సిటీ కౌన్సిల్ ముందుకొచ్చింది. ఈతకొలను, జిమ్, లోపలే నడవడానికి ట్రాక్, పెద్దవాళ్లకో గది, సమావేశాలకో హాలు. ప్రస్తుతానికి కాగితం మీద ఉన్నది ఇంతే. కట్టడానికి బాండు, బాండు తీర్చడానికి ప్రాపర్టీ ట్యాక్స్, దానికి ప్రజల ఓటు. ఈ దేశంలో చాలా చిన్న నగరాలు నడిచే దారే ఇది. ఓటింగుకు ముందు ఊరి మాట వినడానికి కౌన్సిల్ బహిరంగ సభలు పెడుతోంది. ఇప్పటికి రెండయ్యాయి, రెండింటికీ వెళ్లాను. రెండూ కలిపి లెక్కేసినా తెలుగువాళ్లం ముగ్గురం. మన దీపావళి వేడుకల టికెట్లు మాత్రం నాలుగు రోజుల్లో అయిపోయాయి.

సభల్లో వినపడని మన గొంతు వాట్సాప్ గ్రూపులో బాగానే వినపడింది. అక్కడి చర్చంతా మూడు మాటల్లోకి వస్తుంది. ఒకటి, అది వాళ్ల సెంటరు, మనకెందుకు? రెండు, పన్ను పెరుగుతుంది. మూడు, అంత డబ్బు పోసేదేదో మన తెలుగు భవనానికే పోసుకుందాం.

ముందు "మనకెందుకు" సంగతి చూద్దాం. మన పల్లెల్లో సాయంత్రం పూట హైస్కూలు ఆవరణలో రెండు గుంజలు పాతి, వల కట్టి వాలీబాల్ ఆడని కుర్రాళ్లు అరుదు. ఆ ఆట పుట్టింది ఇలాంటి చిన్న నగరంలోనే. మసాచుసెట్స్‌లోని హోల్యోక్ కాగితం మిల్లుల ఊరు. అక్కడి వైఎంసీఏలో వ్యాయామ శిక్షకుడిగా ఉన్న విలియం మోర్గన్ 1895లో ఆ ఆటను తయారుచేశాడు. అంతకు నాలుగేళ్ల ముందు, దగ్గర్లోనే ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికాలంలో కుర్రాళ్లను నాలుగు గోడల మధ్య ఎలా ఆడించాలా అని తలపట్టుకున్న జేమ్స్ నైస్మిత్ రెండు పీచ్ పళ్ల బుట్టలు వేలాడదీసి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాడు. ఆ పరుగులు నడివయసు వ్యాపారస్తులకు మరీ ఆయాసమవుతున్నాయని మోర్గన్ వాళ్లకోసం మధ్యన వల కట్టాడు. తర్వాత 1920లో హ్యారీ బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. అప్పుడు కోస్తా, సీమ జిల్లాలకు మద్రాసే రాజధాని. మెడలో ఈల వేసుకున్న మన డ్రిల్లు మాస్టార్ల పరంపరలో ఆ కళాశాలకు వాటా ఉంది. ఒక చిన్న ఊరు కట్టుకున్న నాలుగు గోడల మధ్య పుట్టిన ఆట మన బడి దాకా నడిచొచ్చింది. మనం మాత్రం మన ఇంటికి రెండు మైళ్లలో కట్టబోయేదాన్ని "వాళ్లది" అంటున్నాం.

ఇక మన భవనం. ఆ కోరికను తప్పుపట్టను. బళ్ల జిమ్‌లు అద్దెకు తీసుకుని, తొమ్మిది కాగానే లైట్లార్పేసే కాపలాదారుడి వంక చూస్తూ నాటకం చివరి రంగం తొందరతొందరగా ముగించిన వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ లెక్క చూడండి. మన భవనం కడితే శని, ఆదివారాలు కళకళలాడుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా తాళం. తాళం వేసినంత మాత్రాన ఇన్సూరెన్సు ఆగదు, హీటింగు ఆగదు, పైకప్పు వయసు ఆగదు. పార్కింగులో మంచు తీసేవాడు బిల్లు పంపడం ఆపడు. పైగా మా నాన్నగారికి నడక కావలసింది మంగళవారం పొద్దున్న పదింటికి. ఆ వేళకు మనవాళ్లంతా ఆఫీసుల్లో ఉంటారు. ఆ పూట ఆయన పక్కన నడవగలిగింది ఈ ఊరి రిటైరైన టీచర్లు, పోస్టుమాన్‌లు, మోకాలి ఆపరేషన్ అయిన మామ్మలు. భాష కలవకపోయినా రోజూ ఎదురుపడితే తల ఊపుకుంటారు. వారం తిరిగేసరికి ఫోన్లు తీసి మనవళ్ల ఫోటోలు చూపించుకుంటారు. తెలుగు భవనం ఎప్పటికైనా కట్టుకుందాం. రోజువారీ బతుక్కి మాత్రం ఊరి భవనమే కావాలి.

మిగిలింది పన్ను. ఇది అడగదగ్గ ప్రశ్న. అయితే మనవాళ్లు అడగాల్సిన దాంట్లో సగమే అడుగుతున్నారు. కట్టడానికెంత అంటున్నారు, ఏటా నడపడానికెంత అనడం లేదు. బాండు సొమ్ముతో గోడలు లేస్తాయి. లైఫ్‌గార్డు జీతం, కొలను నీళ్లు వెచ్చబెట్టే గ్యాసు బిల్లు బాండులోంచి రావు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పదిమంది సొమ్ముతో కట్టినదాన్ని నడిపి చూడు అని మూడోది కూడా కలపాల్సింది. కలపకపోయినా, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని వేరే సామెత చెప్పి హెచ్చరించారు.

ఈ సంగతి ఆండ్రూ కార్నెగీకి బాగా తెలుసు. అమెరికాలో పదహారు వందలకు పైగా గ్రంథాలయ భవనాలకు ఆయన డబ్బిచ్చాడు. ఒక షరతు పెట్టాడు: స్థలం ఊరిది, తాను ఇచ్చిన సొమ్ములో పదో వంతు ఏటేటా నిర్వహణకు ఊరే పెట్టుకోవాలి. అది ఒప్పుకోలేక ఉచితంగా వచ్చే భవనాన్నే వదులుకున్న ఊళ్లున్నాయి.

మన కాలంలో ఇంకా దగ్గరి ఉదాహరణ క్రాక్ సెంటర్లు. మెక్‌డొనాల్డ్స్‌ను ఇంత చేసిన రే క్రాక్ భార్య జోన్ క్రాక్ 2003లో కన్నుమూస్తూ, ఇలాంటి కేంద్రాలు కట్టమని సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థకు 150 కోట్ల డాలర్లకు పైగా రాసిచ్చింది. ఆమె బతికుండగా ఇచ్చిన డబ్బుతో మొదటిది శాన్ డియేగోలో 2002లోనే తెరిచారు. తర్వాత వచ్చినవాటిలో కొన్ని ఎవరూ పెద్దగా పేరు వినని ఊళ్లలోవి. ఒహాయోలో ఆష్‌లాండ్, జనాభా సుమారు 20 వేలు. టెక్సస్‌లో కెర్‌విల్. ఐడహోలో కోర్ డలేన్, 2010 జనగణన నాటికి 44 వేల ఊరు. అక్కడ పాడుబడ్డ కంకర గుంత ఉన్నచోట 2009లో కొలను, జిమ్, థియేటర్ ఉన్న కేంద్రం వెలిసింది. జోన్ క్రాక్ పద్ధతిలో గమనించాల్సింది ఒకటుంది. ఇచ్చిన సొమ్ములో సగం కట్టడానికి, మిగతా సగం ముట్టుకోకుండా నిధిగా పెట్టి దాని రాబడితో నడపడానికి. అది చాలదని, స్థానికులు కూడా చందాలు పోగుచేయాలంది. కోట్లకు పడగెత్తిన దాతే గోడలకు, జీతాలకు సరిసమానంగా పంచి ఇచ్చిందంటే, మన కౌన్సిల్‌ను కూడా అదే లెక్క అడగొచ్చు. పదేళ్ల నిర్వహణ ఖర్చెంత, అందులో మెంబర్‌షిప్పుల మీద వచ్చేదెంత, లోటు ఎవరు పూడుస్తారు? దీనికి సూటిగా జవాబొస్తే పన్ను గురించి మన భయం సగం తీరుతుంది. రాకపోతే ఆ భయం న్యాయమైనదే.

ఈ తెలివి మనకు కొత్తేమీ కాదు. వేటపాలెం నేతపనివాళ్ల ఊరు. అక్కడ 1918లో కొందరు యువకులు సారస్వత నికేతనం అనే గ్రంథాలయం మొదలుపెట్టారు. 1929లో గాంధీజీ వచ్చి దాని కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. శంకుస్థాపన రాళ్లు మన రాష్ట్రాల్లో ప్రతి వీధికీ ఉన్నాయి. పరిశోధకులు ఇప్పటికీ వేటపాలెం వెళ్లేది ఆ రాయి చూడటానికి కాదు. వందేళ్లనాటి తెలుగు పత్రికలు చెదలుపట్టకుండా అక్కడ ఉన్నాయి గనక. ఎవరో రోజూ తలుపు తీశారు, దుమ్ము దులిపారు, సాయంత్రం తాళం వేశారు.

ఇంతకీ మనం ఏం అడగాలి? ప్లాన్లు ఖరారయ్యాక గోడ జరపమంటే జరగదు. ఇప్పుడే చెప్పాలి.

నడక ట్రాక్‌కు డే పాస్ కావాలి, అదీ డ్రైవింగ్ లైసెన్సు, కరెంటు బిల్లు అడగకుండా. ఆరు నెలల వీసా మీద వచ్చే తల్లిదండ్రుల దగ్గర పాస్‌పోర్టు తప్ప ఇంకేముంటుంది? సెంటర్ దాకా కాలిబాట, బస్‌స్టాపు కూడా కావాలి. కారు నడపలేనివాళ్లకు కట్టిన గదికి కారులోనే వెళ్లాలంటే ఎలా?

జిమ్ నేల మీద బాడ్మింటన్ గీతలు గీయమనాలి. మనకంటే గట్టిగా అడుగుతున్నది పికిల్‌బాల్ వాళ్లు. వాళ్లతో తగవు పెట్టుకోనక్కర్లేదు. 1965లో బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఆ ఆట పుట్టిందే ఒక బాడ్మింటన్ కోర్టు మీద. ఇప్పటికీ రెండింటి కొలత ఒకటే, 20 అడుగులు, 44 అడుగులు. కలిసి అడిగితే ఇద్దరికీ దక్కుతుంది.

ఒక గదికైనా కింద స్ప్రింగులా తేలే చెక్కనేల కావాలి. మన కూచిపూడి పిల్లలు బేస్‌మెంట్లలో కాంక్రీటు మీద అడుగులు వేస్తున్నారు. పదిహేనేళ్లకే మోకాళ్లకు పట్టీలు కట్టుకుంటున్నారు.

ఈతకొలనులో ఆడవాళ్లకు విడిగా వేళలు, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులకు అనుమతి, పెద్దవాళ్లకు కూడా ఈత తరగతులు. మన తాతలు నడుముకు బెండు కట్టుకుని దిగుడుబావుల్లో ఈత నేర్చారు. మనం ఎంసెట్ కోచింగుల్లో పడి బావి మొహం చూడలేదు. ఈ దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాల్లో మొదటి కారణం నీళ్లలో మునగడమే. సరస్సుల్లో, జలపాతాల దగ్గర పోయిన మన విద్యార్థుల వార్తలు ఎన్ని వేసవుల్లో చదివామో మీకు తెలుసు.

చివరగా, పేరులో ఉన్న ఆ "వెల్‌నెస్". ఆ మాటను సుగంధ కొవ్వొత్తులకు వదిలేయకూడదు. మనవాళ్లకు షుగరు తక్కువ బరువుకే వస్తుంది. అందుకే అమెరికా డయాబెటిస్ సంఘం 2015లో ఆసియా మూలాలవాళ్లకు పరీక్ష మొదలెట్టాల్సిన బీఎంఐ హద్దును 25 నుంచి 23కు దించింది. షుగరు అంచున ఉన్న 3,234 మందితో ఈ దేశంలో జరిగిన పెద్ద అధ్యయనం 2002లో తేల్చినదేమిటంటే, వారానికి 150 నిమిషాల కసరత్తు, తిండిలో మార్పు, కాస్త బరువు తగ్గడం, వీటితో షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. అరవై దాటినవాళ్లలో 71 శాతం. మాత్రలిచ్చినవాళ్ల కంటే ఇది మెరుగు. దాన్నే ఏడాది తరగతులుగా మలిచి ఇప్పుడు ఎన్నో వైఎంసీఏల్లో నడుపుతున్నారు. దానికి ఆసుపత్రి అక్కర్లేదు. పదిహేను కుర్చీలున్న గది, శిక్షణ పొందిన ఒక మనిషి చాలు. మన సంఘంలో ఎంతోమంది డాక్టర్లున్నారు. పప్పు, అన్నం, పెరుగు తినేవాళ్లకు ఎలా చెప్పాలో తెలిసినవాళ్లు ఆ గదిలో నెలకో సాయంత్రం కూర్చోలేరా?

ఓటు సంగతి కూడా చెప్పాలి. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ లాంటి కొన్ని ఊళ్లలో తప్ప, స్థానిక ఎన్నికల్లో ఓటు పౌరులకే. వీసా మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు పొరపాటున కూడా ఓటరుగా నమోదు కావద్దు. ఆ పొరపాటు దేశం దాటించగలదు. అయితే సభలో లేచి మాట్లాడటానికి పౌరసత్వం ఎవరూ అడగరు. ఇంటి పన్ను కడుతున్నాం, అద్దెలో కలిపి కడుతున్నాం, అడిగే హక్కుంది. ఓటున్నవాళ్లకు వెయ్యమనీ, వద్దనీ ఈ పేజీ చెప్పదు. బాండు కాగితం చివరిదాకా చదవమంటుంది. ఒక సందేహం తీర్చాలి: మనది లాభాపేక్ష లేని సంస్థ గనక ఏ అభ్యర్థి వైపూ నిలబడకూడదు. ఇక్కడ అభ్యర్థి ఎవరూ లేరు, ఉన్నది ఒక భవనం. దాని గురించి మాట్లాడటానికి అడ్డులేదు.

వచ్చే నెల సభ మంగళవారం సాయంత్రం ఏడింటికి, సిటీ హాల్లో. మాట్లాడదలిచిన వాళ్లకు తలా మూడు నిమిషాలు. మన వేదిక మీద ముఖ్య అతిథులను పిలవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. కాబట్టి పైన రాసినవాటిలో ఒక్కొక్కరం ఒక్కటి పట్టుకుందాం. బాడ్మింటన్ వాళ్లు గీతల గురించి, నాట్య గురువులు నేల గురించి, డాక్టర్లు షుగరు గురించి. సెంటర్ కట్టాక వారానికి రెండు గంటలు వాలంటీర్లుగా వస్తామని రాసిచ్చేవాళ్ల పేర్లు కూడా పట్టుకెళ్దాం. అడిగేవాళ్లు ఆ హాల్లో చాలామంది ఉంటారు. నడపడానికి వస్తామనేవాళ్లు ఎంతమందో నాకు తెలియదు గాని, రెండు సభల్లోనూ నాకు ఒక్కరూ కనపడలేదు.

నాన్నగారు వచ్చే ఏడాది మళ్ళీ వస్తానంటున్నారు. మొన్న ఫోన్లో ఈ సెంటరు గురించి చెప్పాను. ఎంతవుతుంది, ఎప్పుడవుతుంది, ఎవరు కడతారు, ఏదీ అడగలేదు.

"పొద్దున్న ఎన్నింటికి తలుపు తీస్తారు?" అన్నారు.


సంపాదకురాలు