రెండో ప్రాధాన్యం

2020 మార్చి 3న అమెరికాలో 14 రాష్ట్రాల్లో ఒకేరోజు డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీ జరిగింది. అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో పార్టీ ఓటర్లే తేల్చే ఎన్నిక అది. ఎలిజబెత్ వారెన్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లో జో బైడెన్ గెలిచాడు. బెర్నీ శాండర్స్ రెండో స్థానంలో, వారెన్ మూడో స్థానంలో నిలిచారు. చదువుల అప్పు మాఫీ కావాలనీ, కోటీశ్వరుల మీద పన్ను వేయాలనీ దాదాపు ఒకే మాట చెప్పిన ఇద్దరి మధ్య ఓట్లు చీలి, ఆ మాటను అంత గట్టిగా అనని మనిషికి దారి దొరికింది.

ఆ వారమంతా మా ఖిలా వరంగల్‌లో, శివనగర్‌లో ఇదే ముచ్చట. డల్లాస్‌లో ఉన్న పిల్లలు శాండర్స్ అంటే, న్యూజెర్సీలో ఉన్నవాళ్లు వారెన్ అన్నారు. వాళ్లలో చాలామందికి అక్కడ ఓటే లేదు, అయినా వాట్సాప్‌లో మాటలు బందు పెట్టుకునేదాకా పోయింది. ఇక్కడ చాయ్ తాగుతూ మేం నవ్వుకున్నాం. "అంత చదువుకున్నోళ్లు, గింత లెక్క తెల్వదా?" అని ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ సారు అంటే అందరం తలలూపాం.

సరిగ్గా ఏడాదికి మాకే పరీక్ష వచ్చింది. వాళ్లకు లేని ఒక సదుపాయం కూడా మాకుంది.

2021 మార్చి 14న వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. ఓటర్లు 5 లక్షల పైచిలుకు, అభ్యర్థులు 71 మంది. ఇందులో మీట నొక్కేది లేదు. దినపత్రిక అంత కాగితం ఇస్తారు, వాళ్లిచ్చిన వంకాయరంగు స్కెచ్ పెన్నుతోనే పేరు పక్కన 1 అని అంకె వేయాలి. ఆ తర్వాత 2, 3, ఎంతమందికి కావాలంటే అంతమందికి ప్రాధాన్యం ఇచ్చుకోవచ్చు. మీరు 1 వేసిన మనిషిని లెక్కింపులో తీసేస్తే మీ కాగితం 2 వేసిన మనిషికి చేరుతుంది. అంటే ఓటు చీలుతుందన్న భయం లేకుండా మనసుకు నచ్చినవాళ్లకు మొదటి ఓటు వేసుకోవచ్చు. శాండర్స్, వారెన్ అభిమానులకు మసాచుసెట్స్‌లో ఆ రోజు దొరకనిది ఇదే.

ఫలితం చూడండి. మొదటి ప్రాధాన్యం ఓట్లు టీఆర్ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్‌రెడ్డికి 1,10,840. స్వతంత్రుడిగా నిలబడ్డ తీన్మార్ మల్లన్నకు 83,290. తెలంగాణ జన సమితి నుంచి ప్రొఫెసర్ కోదండరాంకు 70,072. అధికార పార్టీని ఓడించాలనుకున్న ఇద్దరి మొదటి ఓట్లే కలిపితే లక్షన్నర దాటాయి. నల్లగొండలో రోజుల తరబడి లెక్కించారు. కింది నుంచి ఒక్కొక్కరినీ తీసేస్తూ పోయి, చివరికి కోదండరాంను కూడా తీసేసి, ఆయన కాగితాల మీద రెండో అంకె ఎక్కడుందో వెతికారు. గెలిచింది పల్లాయే.

మేం అని దాక్కుంటున్నాను కాబట్టి ఆ మేం ఎవరో చెప్పాలి. లెక్చరర్లం, వకీళ్లం, బ్యాంకు ఉద్యోగులం, పెన్షన్ టీచర్లం. ఏకశిలా పార్కు దగ్గర ధర్నా అంటే వెళ్లేవాళ్లం. 2011లో సకల జనుల సమ్మెలో రోడ్డు మీద వంట చేసుకుని తిన్నవాళ్లం. ప్రగతిశీలురం అన్న పేరు ఎవరూ ఇవ్వకుండానే తగిలించుకున్నాం. ఎక్కువమంది కోదండరాం మనుషులం. తెలంగాణ ఉద్యమ జేఏసీ చైర్మన్‌గా ఆయన పిలుపు మీద రోడ్డెక్కిన రోజులు మరిచేవి కావు. మృదువుగా మాట్లాడతారు, పుస్తకం చదివిన మనిషి, మా లాంటివాడు. మాలో చిన్నవాళ్లు, ముఖ్యంగా బీసీ కుటుంబాల కుర్రాళ్లు, మల్లన్న వైపు పోయారు. టీవీలో, యూట్యూబ్‌లో ఊరి యాసలో ముఖ్యమంత్రిని నిలదీసే మనిషి వాళ్లకు కావాల్సి వచ్చాడు.

మాకు ఆయన భాష నచ్చలేదు. మా అభ్యంతరం మొత్తం అంతే. "గదేం భాష? మండలిలో గట్ల మాట్లాడ్తడా?" అన్నాం. పాతికేళ్ల పిల్లగాడు పదిమందిని వెంటేసుకుని బండి మీద ఊరూరా ఆయన కోసం తిరుగుతున్నాడంటే ఆ పిల్లగాడిలో ఏముందో అడగలేదు. డిగ్రీ పట్టా ఇంట్లో గోడకు పెట్టి రంగశాయిపేటలో బట్టల షాపులో నిలబడే మనిషి కడుపులో ఏం రగులుతోందో మాకంటే మల్లన్నకు తెలిసింది. తెలిసిన దానితో ఆయన తర్వాత ఏం చేశాడన్నది వేరే ముచ్చట. ఏడాది తిరగకముందే బీజేపీలోకి, ఆ తర్వాతెప్పుడో కాంగ్రెస్‌లోకి వెళ్లాడు. అప్పుడు మాలో కొందరు "చెప్పలేదా?" అని మీసం తిప్పారు. నిజానికి మేం చెప్పింది ఆయన భాష గురించే, రాజకీయం గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. వాళ్ల వైపు నుంచి కూడా ప్రొఫెసర్ మీద తక్కువ వెటకారం రాలేదు, కానీ పెద్దవాళ్లం మేం. వాళ్లకు నచ్చజెప్పాల్సిన వయసు మాది.

పోలింగ్ ముందు రాత్రి మా గ్రూపులో ఒకాయన పెట్టాడు: "కోదండరాం సార్‌కు 1, మల్లన్నకు 2 వేద్దాం, వాళ్లను కూడా తిరిగి అట్లనే వేయమని అడుగుదాం." మెసేజి కింద బొటనవేళ్లు రెండే పడ్డాయి. ఒకరు "ఆత్మగౌరవం ఉండాలె" అన్నారు. అంత పెద్ద మాట వాడాల్సిన సందర్భమా అది? తెల్లారి పోలింగ్ బూత్‌లో నేను కూడా ఒకటి వేసి కాగితం మడిచి పెట్టెలో వేశాను. రెండు వేయలేదు. బయటికొచ్చి సెల్ఫీ దిగాను.

చెల్లని ఓట్లు ఆ ఎన్నికలో 20 వేలు దాటాయి. డిగ్రీ ఉంటేనే ఓటున్న ఎన్నిక ఇది. టిక్కు కొట్టినవాళ్లు, సంతకం పెట్టినవాళ్లు, అంకెకు బదులు అక్షరాల్లో రాసినవాళ్లు, సొంత పెన్నుతో రాసినవాళ్లు. మా వీధిలో ఒకాయన ఇద్దరికీ 1 వేసి వచ్చి, ఇద్దరూ మనోళ్లే కదా అన్నాడు. ఆయన మీద నవ్వుకున్నాం కానీ, ఇద్దరూ మనవాళ్లే అన్న మాట ఆ రోజు మొత్తంలో ఆయన ఒక్కడి నోటే విన్నాను.

మామూలు ఎన్నికల్లో మా చేతిలో ఇదైనా ఉండదు. ఎమ్మెల్యే టికెట్ ఎవరికో హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో తేలుతుంది. పార్టీలో ముప్పై ఏళ్లు జెండా మోసినవాడు కూడా బీ-ఫారం వచ్చినరోజు టీవీ చూసి తెలుసుకోవాల్సిందే. ప్రైమరీ అనే పద్ధతి మన పార్టీలకు లేదు. ఎవరు మా తరఫున నిలబడాలో మేమే వరుసపెట్టి చెప్పుకునే అవకాశం ఆరేళ్లకొకసారి వచ్చే ఆ వంకాయరంగు పెన్నుతోనే. దానికి ఫారం-18 నింపాలి, పట్టా జిరాక్సు పెట్టాలి, ప్రతిసారీ కొత్తగా పేరు ఎక్కించుకోవాలి. అంత కష్టపడి సంపాదించుకున్న హక్కును మా ఇష్టాయిష్టాలు చెప్పుకోవడానికి ఖర్చు పెట్టాం.

మనిషిని ఎంచుకోవడంలో తప్పడం అంత పెద్ద సంగతి కాదు. ఏ పని కోసం మనిషి కావాలో మాట్లాడుకోకపోవడమే అసలు సంగతి. ఆ నెల రోజుల్లో మా గ్రూపులో వేలకొద్దీ మెసేజీలు నడిచాయి. ఫలితం వచ్చిన మార్చి నెలాఖరులోనే కాకతీయ యూనివర్సిటీ మైదానంలో ఒక తండా కుర్రాడు ఉద్యోగ నోటిఫికేషన్లు రావడం లేదని విషం తాగాడు. ఏప్రిల్ మొదట్లో ఆస్పత్రిలో చనిపోయాడు. అతను కూడా పట్టభద్రుడే. ఆ ఎన్నిక జరిగిందే అతనిలాంటివాళ్ల పేరు మీద. కొవ్వొత్తులు వెలిగించాం. తర్వాతెప్పుడో పాత మెసేజీలు వెనక్కి జరిపి చూశాను. నోటిఫికేషన్ అన్న మాట వచ్చింది, కానీ ఎక్కడ? ఏ అభ్యర్థి గెలుస్తాడో అంచనా వేసేటప్పుడు, నిరుద్యోగుల ఓటు ఎటు పడుతుందో లెక్కేసేటప్పుడు.

ఇది 2021లో పుట్టిన జబ్బు కాదు. వరంగల్ అంటే హక్కుల ఉద్యమం అని గొప్పగా చెప్పుకుంటాం. పిల్లల డాక్టరు రామనాథాన్ని 1985 సెప్టెంబరు 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. వకీలు నర్రా ప్రభాకర్‌రెడ్డిని 1991లో చంపారు. ఎవరినైనా కోర్టులోనే శిక్షించాలి, పోలీసు తుపాకీ తీర్పు చెప్పకూడదన్న మాట కోసం ఇద్దరూ పోయారు. ఆ మాట నిలబెట్టడానికే అంతకుముందే కవి కాళోజీ ఒక ముఖ్యమంత్రి మీద ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. ఆయనకు గెలవాలన్న ఆశ లేదు, ఎన్‌కౌంటర్ల ముచ్చట ఊరూరా వినపడితే చాలు.

మరి 2008 డిసెంబరులో ఏం చేశాం? ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒళ్లు జలదరించే ఘోరం. మూడు రోజులకు నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఊరంతా పోలీసులకు పూలదండలు వేసింది. ఏళ్ల తరబడి ఎన్‌కౌంటర్లను ఖండిస్తూ కరపత్రాలు పంచిన మావాళ్లలో ఎక్కువమంది ఆ వారం నోరు మెదపలేదు. మా ఇళ్లలోనూ ఆడపిల్లలున్నారు, ఆ కోపం దొంగ కోపం కాదు. కానీ కోపం మనదైన రోజున న్యాయసూత్రం అవసరం లేదనుకుంటే, దానికోసం చచ్చిపోయినవాళ్ల పేరు మీద సభలు పెట్టే హక్కు ఎక్కడిది? 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర నిందితుల మీద మళ్లీ అలాంటి కాల్పులే జరిగాయి. పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కాల్పుల కథనం నమ్మశక్యంగా లేదని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ చెప్పిన విషయం 2022 మేలో బయటికొచ్చింది. అప్పుడు మాలో ఒకరిద్దరు ఫేస్‌బుక్‌లో ఆ వార్త లింకు పెట్టారు. రామనాథం వర్ధంతికి మేం ఇప్పటికీ మైకు కట్టిస్తాం.

కులం సంగతి ఇంకా చిన్నగా చెప్పాలి, ఎందుకంటే చేసింది చిన్నదే. మా నియోజకవర్గంలోనిదే మిర్యాలగూడ. 2018 సెప్టెంబరులో కులాంతర పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ని ఆస్పత్రి బయట పట్టపగలు నరికి చంపారు. హన్మకొండలో ఊరేగింపు తీశాం. ఊరేగింపులో నడిచిన వాళ్ల పిల్లల పెళ్లి పత్రికలు తర్వాత ఏళ్లల్లో మా ఇంటికి వచ్చాయి. ఒక్క పత్రిక మీద కూడా రెండు కులాల ఇంటి పేర్లు లేవు. నా కొడుకు పెళ్లి పత్రిక మీదా లేవు.

ఇక మా కోట. రాతిగోడల లోపల, కీర్తి తోరణాల చుట్టూ ఊళ్లే ఉన్నాయి. తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధమని, ఆపైన మరో 200 మీటర్లదాకా అనుమతి కావాలని 2010లో సవరించిన చట్టం చెబుతుంది. కట్టడాన్ని కాపాడాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ కొడుకు పెళ్లయితే ఒక గది వేసుకోలేని మనిషి సంగతి? వాన పడితే కూలే మట్టిగోడ పక్కన పడుకునే ముసలామె సంగతి? పర్యాటకులు తోరణం ముందు ఫొటో దిగుతుంటే వెనక కనిపించకుండా జరిపేసే ఆ ఇళ్లు కూడా కాకతీయుల కోటలో భాగమే. ఫారం-18 పంచడానికి మేం మధ్యకోటకు వెళ్లాం. గడప దగ్గర కూర్చున్న ఒక బీడీ కార్మికురాలు చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించడం ఆపకుండానే అడిగింది: "మాకు లేదా సారూ గా ఓటు?"

"డిగ్రీ ఉన్నోళ్లకే, అక్కా."

"మరి మా పని ఎవలు అడుగుతరు?"

మేమే అడుగుతాం అని చెప్పి వచ్చాం. రాజ్యాంగంలో పట్టభద్రులకు ప్రత్యేక స్థానం ఇచ్చింది చదువుకున్నవాళ్లు చదువుకోనివాళ్ల కోసం కూడా ఆలోచిస్తారన్న నమ్మకంతోనే అయి ఉంటుంది. ఆ ఇంటి సంగతి మేం ఏ అభ్యర్థిని కూడా అడగలేదు. ఆమె మొహం మళ్లీ చూడాల్సి వస్తుందని రెండో విడత ఫారాలు పంచడానికి వేరే కుర్రాణ్ని పంపాం.

2024 మేలో ఉప ఎన్నిక వచ్చింది. పల్లా జనగామ ఎమ్మెల్యే అయ్యి రాజీనామా చేశాడు. మల్లన్న ఈసారి కాంగ్రెస్ అభ్యర్థి. బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్ నుంచి హన్మకొండ కుర్రాడు రాకేశ్‌రెడ్డి నిలబడ్డాడు. మండలికి పనికిరాదన్న ఆ భాషను మేం ఈసారి విన్నాం, తెలంగాణ యాస అని మెచ్చుకున్నాం కూడా. అధికారంలో ఉన్న పార్టీ గుర్తు పక్కన అదే నోరు తీపిగా వినపడింది. మల్లన్న గెలిచాడు. చెల్లని ఓట్లు ఈసారి 25 వేలు దాటాయి.

2025 జూన్‌లో న్యూయార్క్ మేయర్ ప్రైమరీలో జొహ్రాన్ మమ్దానీ, బ్రాడ్ లాండర్ ఒక పని చేశారు. నాకు మొదటి ఓటు వేస్తే అతనికి రెండోది వేయండని ఒకరి కోసం ఒకరు ఓటు అడిగారు. అక్కడ కూడా ఆ ఎన్నికలో ప్రాధాన్యాలు వరుసగా ఇచ్చే పద్ధతే. మమ్దానీ గెలిచాడు. న్యూజెర్సీ అల్లుడు ఆ వీడియో గ్రూపులో పెట్టాడు. మా హెడ్మాస్టర్ సారు చప్పట్ల బొమ్మ పెట్టారు. నేను హృదయం బొమ్మ పెట్టాను.

మా పట్టభద్రుల స్థానం గడువు 2027 మార్చిలో ముగుస్తుంది. ఓటర్ల జాబితా మళ్లీ మొదటి నుంచి తయారుకావాలి, ఫారం-18లు మళ్లీ పంచాలి. మొన్న గ్రూపులో మొదటి ప్రశ్న పడింది: "ఈసారి మన క్యాండిడేట్ ఎవరు?" సాయంత్రానికి పేర్ల మీద పేర్లు వచ్చాయి. ఒకరి భాష బాగాలేదన్నారు, ఇంకొకరికి కులం బలం లేదన్నారు. మధ్యకోట ఇళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఒక పేరు పెట్టాను.