పక్కింటి బండి టైరు వయసు

డాలస్ శివార్లలో ఉండే మిత్రుడొకాయన మొన్న ఫోన్ చేసి ఒక సందేహం అడిగారు. వాళ్ళ పక్కింట్లో రిటైరైన భార్యాభర్తలు ఉంటారు. కిందటేడాది వాళ్ళొక పాత మోటార్‌హోమ్ కొనుక్కున్నారు. పడక, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ లోపలే ఉండే బస్సంత బండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి పక్కన ఎండలోనే నిలబడి ఉంటుంది. ఈ వేసవిలో మనవలను ఎక్కించుకుని ఎల్లోస్టోన్ పార్కుకు వెళ్దామని వాళ్ళ ఏర్పాటు. మా మిత్రుడి కొడుకు ఆడుకునే బంతి ఆ బండి కిందికి దొర్లితే, తీయడానికి వంగిన ఆయనకు ముందు టైరు మీద 2412 అనే అంకె కనిపించింది. టైరు పక్కభాగమంతా సన్నటి పగుళ్ళు కూడా ఉన్నాయట. "చెప్పమంటారా? ఏమనుకుంటారో ఏమో!" అన్నారు.

చెప్పాలి. వాళ్ళు బయల్దేరకముందే, ఎదురుగా వెళ్ళి, సూటిగా చెప్పాలి. ఇందులో తటపటాయించడానికి ఏమీ లేదు. మోటార్‌హోమ్ అంటే మనకెందుకులే అనుకోకుండా పాఠకులు కూడా ఈ సంగతి చివరిదాకా వినాలని కోరిక.

ముందు ఆ అంకె గురించి. అమెరికాలో అమ్మే ప్రతి టైరు మీదా 'డాట్' (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఒకటి ఉంటుంది. దాని చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2412 అంటే 2012లో 24వ వారం, అంటే జూన్ నెల. నాలుగుకు బదులు మూడంకెలే ఉంటే ఆ టైరు 2000కు ముందుది. బయటివైపు వెతికినా కనబడకపోతే లోపలివైపు ముద్రించి ఉందన్నమాట. టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరాలి. చాలామంది ఆ శ్రమ పడరు.

రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి దాన్ని లోపల్నుంచి గట్టిపరుస్తాయి. ఇది తెలిసే కంపెనీలు రబ్బరులో కొన్ని రక్షక రసాయనాలు, మైనం కలుపుతాయి. బండి నడుస్తుంటే టైరు వంగుతూ లేస్తూ ఉంటుంది కాబట్టి అవి పైకి ఊరుతూ రబ్బరును కాపాడతాయి. నెలల తరబడి కదలని బండికి ఆ రక్షణ సరిగ్గా అందదు. పైగా ఎప్పుడూ ఒకేచోట భారం మోస్తూ నిలబడాలి. అందుకే మోటార్‌హోమ్ టైర్లు అరిగి పోవడం అరుదు, వయసు మీరి పోవడమే ఎక్కువ. నేలకు ఆనే గాళ్ళ పట్టీ, అంటే ట్రెడ్డు, చూస్తే నిన్న కొన్నట్టే ఉంటుంది. లోపల మాత్రం రబ్బరుకూ ఉక్కు తీగల పొరలకూ మధ్య పట్టు సడలుతూ ఉంటుంది. ఇంటి ముందు నిలబెట్టినంతకాలం దానికేమీ కాదు. జులై ఎండలో, నిండు ట్యాంకులతో, నిండు మనుషులతో, హైవే మీద గంటల తరబడి పరిగెత్తించినప్పుడు బయటపడుతుంది. ట్రెడ్డు పట్టీ మొత్తం ఊడి, తిరిగే వేగానికి బండి అడుగుభాగాన్ని బాదుతుంది. అక్కడే గ్యాసు గొట్టాలూ బ్రేకు గొట్టాలూ వైర్లూ ఉంటాయి. వెనక జంట టైర్లలో ఒకటి పోతే దాని బరువంతా పక్కదాని మీద పడుతుంది, అదీ అదే వయసుది. ముందు టైరే పేలితే స్టీరింగు ఒక్కసారిగా పక్కకు లాగేస్తుంది. పెద్ద మోటార్‌హోమ్ పది టన్నులు దాటడం మామూలే. అలాంటి బండిని ఆ క్షణంలో డెబ్బయ్యేళ్ళ మనిషి అదుపు చేయాలి.

"ట్రెడ్డు బాగానే ఉంది కదా" అనేవాళ్ళకు ఒక నిజమైన ఉదంతం చెప్పాలి. 2012 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఒక సంగీతోత్సవం ముగిశాక కుర్రకారును ఎక్కించుకుని ఒక బస్సు లివర్‌పూల్‌కు తిరిగి వస్తోంది. సర్రే జిల్లాలో ఏ3 రోడ్డు మీద దాని ముందు టైరు పేలింది. బస్సు రోడ్డు దిగి చెట్టును గుద్దుకుంది. డ్రైవరు, ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. వాళ్ళలో ఒకడు మైకేల్ మలోయ్, వయసు 18. పేలిన టైరు వయసు 19 ఏళ్ళ పైమాటే. ఆ కుర్రవాడు పుట్టకముందు తయారైన టైరు అది. ట్రెడ్డు నిబంధనల ప్రకారం సరిపోయినంత ఉంది. అంత పాత టైరు వాడటం అప్పటి చట్టం ప్రకారం నేరం కూడా కాదు.

మైకేల్ తల్లి ఫ్రాన్సిస్ మలోయ్ అక్కడితో ఊరుకోలేదు. పాత టైర్ల మీద నిషేధం తేవాలని ఏళ్ళ తరబడి పోరాడింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి బ్రిటన్‌లో లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్ళు దాటిన టైర్లు వాడటం చట్టవిరుద్ధమైంది. ఆ చట్టం వెనక ఒక తల్లి గర్భశోకం ఉంది. ఆ బస్సు బయల్దేరకముందు ఎవరైనా వంగి ఆ నాలుగంకెలు చదివి, డ్రైవరు భుజం తట్టి ఉంటే ఎంత బాగుండేదని ఆమె కథ చదివినప్పుడల్లా అనిపిస్తుంది నాకు.

అమెరికాలో కార్లకూ మోటార్‌హోమ్‌లకూ టైరు వయసు మీద ఇలాంటి దేశవ్యాప్త చట్టం లేదు. ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్డు ఊడి బండ్లు బోల్తాపడి మొత్తం 270 మందికి పైగా చనిపోయారు. 2000లో దీనిమీద పెద్ద గొడవే జరిగింది. 65 లక్షల టైర్లను కంపెనీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన చట్టం వల్లే కొత్త కార్లలో గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది. అదీ పదివేల పౌండ్ల లోపు బండ్లకే. పెద్ద మోటార్‌హోమ్ దాని పరిధిలోకి రాదు. దీపం ఉన్నా అది గాలి సంగతి చెబుతుందిగానీ వయసు చెప్పదు. ఇక డాలస్ ఉన్న టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత వాహనాలకు ఏటా జరిగే భద్రతా తనిఖీనే ఎత్తేశారు. చాలా రాష్ట్రాల్లో ఇంత బండి నడపడానికి మామూలు కారు లైసెన్సు సరిపోతుంది. అంటే ఆ దంపతుల బండి చక్రాల వైపు అధికారికంగా చూసేవాళ్ళు ఎవరూ లేరు. చూసినవాడు పక్కింటి మనిషి ఒక్కడే. ఆయన కూడా నోరు మూసుకుంటే వాళ్ళకు ఇంకెవరు చెబుతారు?

మన ఊళ్ళలో రోడ్డు మీద ఒక మంచి అలవాటు ఉంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి స్కూటరు సైడ్‌స్టాండు తీయకుండా వెళ్తుంటే వెనకవాడు హారన్ కొట్టి, "స్టాండు, స్టాండు" అని అరిచి మరీ చెబుతాడు. వెనక కూర్చున్నామె చీర కొంగు చక్రంలో పడబోతుంటే పక్క బండివాడు గాభరాగా చెయ్యి చూపిస్తాడు. ఎవరూ దాన్ని తప్పుగా తీసుకోరు. కొంగు సర్దుకుని, ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోతారు. ఆ రోడ్ల మీద పెరిగినవాళ్ళమే విమానమెక్కి వెళ్ళాక పక్కింటివాళ్ళతో మాట్లాడాలంటే బిగుసుకుపోతాం. వాళ్ళ దేశం, వాళ్ళ బండి, పదహారేళ్ళ వయసు నుంచీ నడుపుతున్న మనుషులు, వాళ్ళకు మనమా చెప్పేది అని ఒక జంకు. మా మిత్రుడి మాటల్లో నాకు వినిపించింది ఇదే. ఆయన ఆ వీధిలో ఇల్లు కొని ఏళ్ళయింది. ఆ ముసలాయన ఊళ్ళో లేనప్పుడు వాళ్ళ ఉత్తరాలు తీసి పెట్టేదీ ఆయనే. అంత నమ్మకం ఉన్నచోట టైరు సంగతి చెప్పే చనువు ఉండదా?

నిజానికి యాభయ్యేళ్ళు బండి నడిపిన మనిషికే ఇది తెలియకపోయే అవకాశం ఎక్కువ. రోజూ తిరిగే కారు టైర్లు నాలుగైదేళ్ళలో అరిగిపోతాయి, మార్చేస్తాం. వయసు చూడవలసిన పరిస్థితే రాదు. మోటార్‌హోమ్ కొన్నాకే ఆ లెక్క మారుతుంది. అమ్మినవాడు "టైర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని అబద్ధమాడకుండానే చెప్పి ఉండొచ్చు. అతనూ ట్రెడ్డే చూసి ఉంటాడు.

ఎలా చెప్పాలనేది కూడా ముఖ్యమే. వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం తప్పు. నలుగురి ముందూ పరువు తీసినట్టవుతుంది. అద్దానికి చీటీ అంటించి రావడం పిరికితనం. ఆదివారం పొద్దున ఆయన బండి దగ్గర కనబడినప్పుడు వెళ్ళి, "ఈ అంకె చూశారా, ఇది టైరు పుట్టినతేదీ అట, ఒకసారి మీరే చదవండి" అంటే చాలు. తన కళ్ళతో తాను చదివితే ఆయనకు అది మన విమర్శలా తోచదు. ఎన్నేళ్ళు వాడవచ్చని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చు. ఫోర్డ్ కంపెనీ ఆరేళ్ళకే మార్చమంటుంది. మిషలిన్ కంపెనీ అయిదేళ్ళు దాటాక ఏటా నిపుణుడికి చూపించమని, పదేళ్ళు నిండితే ట్రెడ్డు ఎంత ఉన్నా తీసేయమని చెబుతుంది. 2012 నాటి టైరు ఏ లెక్కన చూసినా గడువు దాటిపోయింది.

ఆయన మొహం చిన్నబుచ్చుకుంటాడేమో. ఎందుకంటే మనం మోసుకెళ్ళే వార్త ఖర్చుతో కూడినది. ఆరు పెద్ద టైర్లంటే కొన్ని వేల డాలర్లు. పింఛను మీద బతికే వాళ్ళకు అది తేలిక కాదు, ఆ బాధను మనం గౌరవించాలి. వట్టి మాట చెప్పి వచ్చేయకుండా, ఇంటికే వచ్చి లారీ టైర్లు మార్చే వాళ్ళ నంబరు ఒకటి వెతికి ఇస్తే ఇంకా మంచిది. ఆ టైర్లతో బండిని షాపు దాకా నడిపే పని కూడా తప్పుతుంది. ఒకేసారి అన్నీ మార్చలేనంటే ముందు రెండూ వెంటనే మార్చి, మిగతావి మార్చేదాకా ప్రయాణం వాయిదా వేసుకోమనాలి. ఎల్లోస్టోన్ ఎక్కడికీ పోదు. "చూద్దాంలే" అని ఆయన దాటవేస్తే ఇంకోసారి, ఈసారి ఆయన భార్య కూడా ఉన్నప్పుడు, పిల్లలు ఎక్కే బండి అని గుర్తుచేయాలి. అది చాడీ చెప్పడం ఎంతమాత్రం కాదు. ఆ తర్వాత నిర్ణయం వాళ్ళది.

ఇక ఇదంతా అమెరికా గొడవ అనుకుంటున్న పాఠకులు ఒక్కసారి తమ అపార్ట్‌మెంటు సెల్లార్లోకి దిగి చూడండి. పిల్లలు విదేశాల్లో ఉండి, అమ్మానాన్నల కోసం కొనిపెట్టిన కారు దుమ్ము కప్పుకుని ఒక మూల ఉంటుంది. గుడికీ ఆస్పత్రికీ తప్ప బయటికి తీయరు. పదేళ్ళలో ఇరవై వేల కిలోమీటర్లు కూడా తిరిగి ఉండదు. ట్రెడ్డు నిగనిగలాడుతుంది. సంక్రాంతికి పిల్లలు రాగానే అదే కారులో అయిదుగురూ సామానుతో సహా ఎక్కి విజయవాడ హైవే మీద వందకు పైగా వేగంతో వెళ్తారు. మధ్యలో పంచరైతే డిక్కీలోంచి తీసి బిగించే స్టెప్నీ కారుతోపాటు వచ్చినదే. ఒక్కసారీ రోడ్డు చూడని ఆ టైరును కొత్తదని నమ్ముతాం. ఇక్కడి టైర్ల మీదా వారం, సంవత్సరం అంకెలు ఉంటాయి. గాలి కొట్టించేటప్పుడు పంచర్ షాపు అబ్బాయిని అడిగితే చూపిస్తాడు. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఆ అంకె చూసే కొనాలి. షాపులో ఏళ్ళ తరబడి నిలవున్న సరుకును కొత్తదిగా అంటగట్టే వాళ్ళు లేకపోలేదు.

పండక్కో పెళ్ళికో దూరం బయల్దేరే ముందు మీ కారుకున్న నాలుగు టైర్ల మీదా, డిక్కీలోని స్టెప్నీ మీదా ఉన్న అంకెలు చదవండి. పక్క పార్కింగులో ఉన్న కారువీ చదవండి. పదేళ్ళు దాటినట్టు కనిపిస్తే ఆ సాయంత్రమే వాళ్ళ కాలింగ్ బెల్ కొట్టండి.