పులి కనిపించకున్నా నడిచే సఫారీ

గుంటూరు నుంచి సత్తెనపల్లి, రాజుపాలెం, కొండమోడు మీదుగానే మాచర్ల వైపు జనం వెళ్తారు. కొండమోడు–పేరేచర్ల రోడ్డు నాలుగు వరుసలవుతోంది కాబట్టి విజయవాడ కార్లు నల్లమల అంచుకు ఇక త్వరగా చేరతాయి. నాగార్జునకొండ, ఎత్తిపోతల చూసి సాయంత్రానికే తిరిగిపోయేవాళ్లకు సఫారీ పెట్టి అడవి కూడా చూపిస్తే, పల్నాడులో ఒక రాత్రి ఆగుతారన్న ఆశ న్యాయమైనదే. అయితే ఆ సఫారీ ఎలా ఉండాలన్నది రద్దీ పెరగకముందే తేల్చుకోవాలి.

నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. విస్తీర్ణం మూడు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. 2022 అంచనా ప్రకారం రాష్ట్రం మొత్తంలో ఉన్న పులులు 63. కొండలు, లోయలు, దట్టమైన పొదలున్న ఇంత అడవిలో పులి కంటపడటం అరుదు. చూపిస్తామని చెప్పి టికెట్టు అమ్మితే ఆ ఒత్తిడంతా డ్రైవరు మీద పడుతుంది. బండ్లు దారి వదిలి లోపలికి చొరబడటం అక్కడే మొదలవుతుంది.

చూపించాల్సింది అడవిని, చెప్పాల్సింది చెంచులు. అభయారణ్యం బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవారిలో చాలామంది వాళ్లే. వాగు ఇసుకలో పాదముద్ర నలుచదరంగా ఉంటే మగపులి, కోలగా ఉంటే ఆడపులి అని పోల్చుకుంటారు. అంచులు రాలిన తీరు చూసి అది పాతదో కొత్తదో చెబుతారు. ఈ విద్య తెలిసినవాళ్లను రోజుకూలీకి పెట్టుకోవడం అన్యాయం. నెలజీతం మీద గైడ్లుగా తీసుకోవాలి.

ఇక బండ్ల లెక్క. కోర్ ప్రాంతంలో పర్యాటకం 20 శాతానికి మించకూడదని పులుల సంరక్షణ సంస్థ 2012లోనే చెప్పింది. నల్లమలకు అంతకన్నా గట్టి హద్దు నీళ్లు. వేసవిలో అటవీ సిబ్బంది ట్యాంకర్లతో సాసర్ పిట్లు నింపితే తప్ప జింకలకు చుక్క దొరకని చోట్లున్నాయి. పొద్దుగూకే వేళ ఆ గుంటల దగ్గర జీపులు ఆగితే దాహంతో వచ్చిన మంద వెనుదిరుగుతుంది. అందుకే ఎన్ని బండ్లు వెళ్లాలో మే నెల నీటిని చూసి నిర్ణయించాలి, సంక్రాంతి సెలవుల గిరాకీని చూసి కాదు. గదులు, హోటళ్లు అడవి బయటే, మాచర్ల, రాజుపాలెం లాంటి రోడ్డు ఊళ్లలోనే కట్టుకోవచ్చు.

అడవి అంచు రైతును మరవకూడదు. 2023 వేసవిలో దుర్గి వైపు పులి సంచారంతో పొలం వెళ్లడానికే జనం భయపడ్డారు. సఫారీ ఆదాయంలో తొలి వాటా పశునష్ట పరిహారానికి పక్కన పెట్టాలి. ఆవును పోగొట్టుకున్న మనిషి ఆఫీసుల చుట్టూ తిరగకుండా ఆ డబ్బు వారంలోగా చేతికందాలి.