గేటు లైటు ఇంటిది, ప్రమాదం వీధిది

యానాంలో ఇప్పుడు కొత్త ఇల్లు కట్టారంటే గేటు స్తంభాల మీద రెండు లైట్లు ఉండాల్సిందే. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట... ఏ వీధికెళ్లినా ఇదే వరస. వంతెన దాటి ఎదుర్లంక, ఐ.పోలవరం వైపు వెళ్లినా అంతే. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, రాత్రిపూట దారి చూపిస్తాయి. తప్పు పట్టాల్సింది లైట్లను కాదు, వాటి దాకా కరెంటు వెళ్లే తీరును.

ఇంటిలోపలి వైరింగు మీద యజమానికి ఉండే శ్రద్ధ గేటు దగ్గరికొచ్చేసరికి ఉండదు. టైల్సు, రంగులు అయిపోయి, గృహప్రవేశం వారం రోజుల్లో ఉందనగా గేటు లైటు గుర్తుకొస్తుంది. అప్పటికే నేల గచ్చు చేసేసి ఉంటారు. ఇంకేముంది, రెండు వైర్లు తీసుకుని పాత నీళ్ల పైపు ముక్కలో దూర్చి, పూలమొక్కల మడి కిందుగా లాగి, స్తంభం పైన మెలేసి టేపు చుట్టేస్తారు. "లైటు వెలిగిందా లేదా అండీ?" అంటాడు ఎలక్ట్రీషియన్. వెలుగుతుంది. ఎర్త్ వైరు లేకపోయినా వెలుగుతుంది. స్విచ్చిని ఫేజుకి కాకుండా న్యూట్రల్‌కి వేసినా వెలుగుతుంది. కాకపోతే అలా వేస్తే, స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. బల్బు మార్చడానికి స్టూలెక్కినవాడికి ఆ సంగతి తెలీదు.

ఈ పని ఎక్కడో మెట్ట ఊళ్లో జరిగితే కొన్నాళ్లు గడిచిపోవచ్చు. యానాం సంగతి వేరు. గౌతమి నుంచి కోరింగ పాయ చీలే చోట ఉన్న ఊరిది. గట్టిగా నాలుగడుగులు తవ్వితే చెమ్మ తగులుతుంది. సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలి రాగి కొసల్ని నల్లబరుస్తుంది, ఇనుప స్క్రూలను తినేస్తుంది. 1996 నవంబరు 6 తుపాను చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాం లోతట్టు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. చాలామంది వాన పైనుంచి పడుతుంది కాబట్టి లైటు మీద మూత గట్టిగా ఉంటే చాలనుకుంటారు. నీళ్లు కిందనుంచి కూడా వస్తాయి. భూమిలో పైపు నిండుతుంది, రాత్రి చల్లదనానికి లోపల ఆవిరి నీరవుతుంది. టేపు చుట్టిన అతుకు ఆ నీటిని పీల్చుకుని అలాగే ఉంచుకుంటుంది.

"ఎంసీబీ ఉంది కదండీ, ఏదైనా అయితే పడిపోతుంది" అనేది అందరి ధైర్యం. ఆ ధైర్యం ఎంత వరకో లెక్క వేసి చూడాలి. తడిసిన వైరు నుంచి కరెంటు స్తంభంలోని ఇనుప కడ్డీకో, గేటుకో తగిలిందనుకుందాం. ఆ ఇంటి ఎర్త్ గుంత ఎండిపోయి, ప్లేటు తుప్పుపట్టి 25 ఓమ్‌ల నిరోధం చూపిస్తుంటే, 230 వోల్టుల మీద భూమిలోకి పోయేది 9.2 ఆంపియర్లే. 10 ఆంపియర్ల ఎంసీబీ దానికి ఎప్పటికీ పడదు. లైటు వెలుగుతూనే ఉంటుంది, గేటులో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఎర్త్ వైరే వెయ్యకపోతే అదీ లేదు, ఎవరో ఒకరు ముట్టుకునే దాకా ఏమీ జరగదు. తడి చేతులు, ఒట్టి కాళ్లతో ఉన్న మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌లకు దిగితే ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో నాలుగో వంతు చాలు. ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడే పరికరం. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే అది రెప్పపాటులో లైను కట్ చేస్తుంది.

చిత్రమేమిటంటే యానాంలో కొన్ని ఇళ్లలో ఆర్‌సీసీబీ బిగించి, తర్వాత తీసేశారు. వానాకాలం రాగానే ఊరికే పడిపోతోందని, ఫ్రిజ్‌లో కూరలు పాడవుతున్నాయని ఫిర్యాదు. ఎలక్ట్రీషియన్ వచ్చి దాన్ని తప్పించి డైరెక్టు చేసి వెళ్తాడు, ఇంటివాళ్లు హమ్మయ్య అనుకుంటారు. వాన పడ్డప్పుడే పడుతోందంటే ఎక్కడో తడి వైరు కారుతోందనే కదా అర్థం! చాలాసార్లు ఆ కారేది గేటు లైటే. దానికి విడిగా ఒక ఆర్‌సీసీబీ పెడితే గేటు దగ్గర లైను పోయినా ఫ్రిజ్ ఆగదు. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కాలి. పడకపోతే మార్చాలి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోనే ఇళ్లకు ఈ 30 మిల్లీ ఆంపియర్ల హద్దు పెట్టింది. అయితే 5 కిలోవాట్ల లోపు కనెక్షన్లను పక్కన పెట్టింది. 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఎన్ని కిలోవాట్ల కనెక్షన్ అని కరెంటు చూడదు. చిన్న ఇంటి ముందు ఇనుప గేటుకే స్కూలు పిల్లలు ఆనుకుని నిలబడతారు. ఫ్రెంచి పౌరసత్వంతో ఆ దేశంలో స్థిరపడిన వాళ్ల బంధువులు యానాంలో ఉన్నారు కాబట్టి అక్కడి మాట ఒకటి చెప్పుకోవాలి. 2002 నాటి ఫ్రాన్స్ వైరింగ్ ప్రమాణం ఎన్ఎఫ్ సి 15-100 ఇంట్లోని ప్రతి సర్క్యూటుకీ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉండాలంది. చిన్నిల్లు, పెద్దిల్లు అని లేదు.

ఇది ఇంటి యజమాని సొంత వ్యవహారం అనడానికీ వీల్లేదు. 2017 నవంబరులో చెన్నై కొడుంగయ్యూర్‌లో వాననీటిలో ఉన్న కరెంటు తీగ తొక్కి ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. 2023 జూన్‌లో న్యూఢిల్లీ రైల్వేస్టేషన్ బయట నీళ్లు నిలిచిన చోట స్తంభం పట్టుకుని ఒకామె ప్రాణం పోయింది. అవి ప్రభుత్వ స్థలాలు కాబట్టి దేశమంతా మాట్లాడింది. గేటు లైటు దగ్గర అదే జరిగితే "షాక్ కొట్టిందంట" అని వీధి చివర ఆగిపోతుంది. మీటరు దాకా విద్యుత్ శాఖ చూస్తుంది, మీటరు దాటాక ఎవరూ చూడరు. గేటు మాత్రం వీధిలోకే ఉంటుంది.

చేయాల్సింది పెద్ద ఖర్చు పనేం కాదు. ఎర్త్‌తో కలిపి మూడు కోర్ల ఆర్మర్డ్ కేబుల్ వెయ్యాలి. ఐఎస్ 1255 ప్రకారం ముప్పావు మీటరు లోతు తవ్వాలి, మట్టిలో అతుకు ఉండకూడదు. జంక్షన్ బాక్సు 2022 వరద మట్టం కంటే పైన పెట్టాలి. లైటు మీద ఐపీ 65 అని రాసి ఉంటే సరిపోదు. వైరు దూర్చిన కంతకు గ్లాండు బిగించకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఇదంతా ఎందుకనుకునేవాళ్లకు 12 వోల్టుల ఎల్ఈడీ లైట్లున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఇంటిలోపల ఉంటుంది, గేటు దాకా వచ్చేది 12 వోల్టులే. గేటు లైను ఎంసీబీ విడిగా, ఇంటిలోపల చేతికందేలా ఉండాలి. ధవళేశ్వరంలో 13.75 అడుగులకు రెండో హెచ్చరిక ఎగరేశారని వినగానే దాన్ని దించేయాలి.

విద్యుత్ శాఖ కూడా ఒక పని చేయొచ్చు. వరద తీశాక కాలనీకి సరఫరా ఇచ్చేముందు ఇంటింటికీ గేటు లైను ఆపి ఉంచమని మైకులో చెప్పించాలి, తడిసిన లైన్లను మెగ్గర్‌తో పరీక్షించాకే కలపనివ్వాలి. ఇల్లు పూర్తయిందని కాగితం ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ బయటి లైట్లకూ టెస్ట్ రిపోర్టు అడగాలి. హద్దు దాటితే రాష్ట్రం వేరు, శాఖ వేరు, లైసెన్సు వేరు. పని చేసే చేతులు మాత్రం అటూ ఇటూ తిరిగేవే కాబట్టి కాకినాడ, కోనసీమ జిల్లాల అధికారులు కూడా ఇదే షరతు పెట్టాలి. లేదంటే యానాంలో కుదరదన్న రెండు వైర్ల పని ఎదుర్లంకలో మామూలుగా సాగిపోతుంది.