రిటైరైనవారిని ఊరికే కూర్చోబెట్టకండి

ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు తెలంగాణలో 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కి పెరిగింది. అయినా ఆ మర్నాటి ఉదయం ఎవరికీ తప్పదు. మా నర్సులే రిటైరయ్యాక కూడా డ్యూటీ టైముకి లేచి కూర్చుంటారు!

కొందరు కొన్నాళ్లకు నిద్ర లేదని, ఆకలి లేదని, ఒళ్లు నొప్పులని ఓ.పి.కి వస్తారు. పరీక్షలన్నీ బాగుంటే ఇంట్లోవాళ్లు “వయసు మీద పడింది లెండి” అంటారు. మేము ఒప్పుకోము. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది.

“ఇన్నాళ్లూ కష్టపడ్డారు, ఇక కూర్చోండి” అనడం ప్రేమే కానీ మేలు చేయదు. కూరగాయలు, కరెంటు బిల్లు, మనవడి లెక్కలు వారికే వదలండి. “బతికి ఏం లాభం” అన్నారా, ఒంటరిగా వదలక ఆ రోజే తీసుకురండి. రాత్రివేళైనా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, ఉచితం.